ఇల్లు సర్దుకుంటూ బరువు తగ్గడం ఎలా: గది గదికీ ఒక పద్ధతి

చాలా ఏళ్లు నేను ఈ రెండింటినీ వేర్వేరు పనులుగానే చూశాను. ఒక నెల డైటింగ్ మొదలుపెట్టేదాన్ని. ఇంకో నెల ఇల్లంతా సర్దేయాలని పూనుకునేదాన్ని. రెండూ పది పదిహేను రోజులు నడిచి ఆగిపోయేవి. ఒక రాత్రి ఆఫీసు నుంచి వచ్చి, ప్లేట్లో భోజనం పెట్టుకుని, కూర్చోడానికి చోటు వెతుక్కున్నాను. డైనింగ్ టేబుల్ మీద బిల్లులు, పిల్లల పుస్తకాలు, మడత పెట్టని బట్టలు, విప్పని గిఫ్టు ప్యాకెట్టు, రెండు ఛార్జర్లు. ప్లేటు పట్టేంత ఖాళీ కూడా లేదు. వంటింటి గట్టు దగ్గరే నిలబడి, ఒక చేత్తో ఫోన్ చూస్తూ తినేశాను. ముప్పావు గంట తర్వాత ఏం తిన్నానో సరిగ్గా గుర్తులేదు, కడుపు నిండినట్టూ లేదు. గట్టు మీద తెరిచి ఉన్న బిస్కెట్ ప్యాకెట్ చేతికి తగిలింది. పడుకునేలోపు అది ఖాళీ అయిపోయింది.

ఆ ప్యాకెట్ గురించి చాలాసేపు ఆలోచించాను. నోరు కట్టుకోలేకపోతున్నానని అప్పటిదాకా నన్ను నేనే తిట్టుకునేదాన్ని. ఆ రాత్రి జరిగింది నెమరు వేసుకుంటే అసలు సంగతి కనిపించింది. కూర్చుని తినడానికి చోటు లేదు. వద్దనుకున్న తిండి కంటికెదురుగా ఉంది. నేను బాగా అలసిపోయి ఉన్నాను. ఈ గైడ్ అంతా ఆ అలసట చుట్టూనే తిరుగుతుంది. పొద్దున ఉత్సాహంగా ఉన్నప్పుడు ఎలాంటి ఇంట్లోనైనా పద్ధతిగా తినగలం. సాయంత్రం ఒళ్లు అలిసి, బుర్ర పనిచేయనప్పుడు చేతికందిందే తింటాం, దగ్గరున్న చోటే కూలబడతాం. కాబట్టి ఇల్లు సర్దేది ఆ సాయంత్రపు మనిషి కోసం అనుకుని సర్దాలి. ఏది ఎక్కడ ఉండాలన్న ప్రతి ప్రశ్నకీ ఆ ఒక్క కొలత సరిపోతుంది.

సంబంధం ఎంతవరకు నిజం?

అటక ఖాళీ చేసినంత మాత్రాన పొట్ట తగ్గదు. లెక్క చూడండి. 70 కిలోల మనిషి గంటసేపు అటూ ఇటూ తిరుగుతూ ఇల్లు సర్దితే సుమారు 200 క్యాలరీలు ఖర్చవుతాయి. అదే గంట కూర్చుని టీవీ చూసినా 80, 90 ఖర్చవుతాయి. అంటే అదనంగా కలిసొచ్చేది 120 దాకా. రెండు మూడు క్రీమ్ బిస్కెట్లతో అది వెనక్కి వచ్చేస్తుంది. ఒంట్లో ఒక కిలో కొవ్వు అంటే దాదాపు 7,700 క్యాలరీలు. కేవలం సర్దుడుతోనే అంత కరిగించాలంటే ఎన్ని ఇళ్లు సర్దాలో మీరే ఊహించండి.

సంబంధం వేరే దారుల్లో వస్తుంది. అందులో ఒకటి టెన్షన్. 2010లో డార్బీ శాక్స్‌బీ, రెనా రెపెట్టి అనే పరిశోధకులు లాస్ ఏంజిలస్‌లో ఉద్యోగాలు చేసే భార్యాభర్తలు 60 మందిని వాళ్ల ఇల్లు తిప్పి చూపిస్తూ మాట్లాడమన్నారు. ఇల్లు చిందరవందరగా ఉందని, పనులు మిగిలిపోయాయని ఎక్కువగా చెప్పుకున్న భార్యల్లో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ పొద్దున్నుంచి సాయంత్రానికి తగ్గాల్సినంతగా తగ్గలేదు. రెండోది దృష్టి. కంటి ముందు ఎక్కువ వస్తువులు ఉంటే అవన్నీ మెదడులో ఒకదానితో ఒకటి పోటీ పడతాయని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనం చూపించింది. చిందరవందర గదిలో కూర్చుంటే ఏ పనీ చేయకుండానే అలసినట్టు ఉంటుందని చాలామంది అనే మాటకి ఇది దగ్గరగా ఉంది.

తిండి మీద నేరుగా జరిగినవీ ఉన్నాయి. 2013లో కాథ్లీన్ వోస్ బృందం చేసిన ఒక ప్రయోగంలో, సర్దిన గదిలో కూర్చున్నవాళ్లు బయటికి వెళ్తూ చాక్లెట్ కంటే ఆపిల్ వైపు మొగ్గారు. చిందర గదిలోంచి వచ్చినవాళ్లలో ఎక్కువమంది చాక్లెట్ తీసుకున్నారు. అదే పరిశోధనలోని ఇంకో ప్రయోగంలో చిందర గదిలో ఉన్నవాళ్లకు కొత్త ఆలోచనలు ఎక్కువ వచ్చాయని కూడా తేలింది. ఈ మాట దాచి మొదటిదే చెప్పడం నాకు నచ్చదు. గజిబిజి వంటగదిలో యువతులు కుకీలు ఎక్కువ తిన్నారన్న 2016 నాటి పరిశోధన ఒకటి తరచూ ప్రచారంలో కనిపిస్తుంది. దాని రచయితల్లో ఒకరైన బ్రయాన్ వాన్‌సింక్ రాసిన వేరే పరిశోధన వ్యాసాలు చాలావాటిని పత్రికలు తర్వాత వెనక్కి తీసుకున్నాయి. అందుకే నేను దాని మీద ఆధారపడను.

ఇవన్నీ చిన్న అధ్యయనాలు. బలమైన ఆధారం ఉన్నది ఇంకొంచెం పక్కన. ఎదురుగా ఎలాంటి తిండి ఉంది, ఎంత పెద్ద ప్యాకెట్లో, ఎంత పెద్ద ప్లేట్లో ఉంది, రాత్రి ఎంతసేపు నిద్రపోయారు, రోజులో ఎంత కదిలారు. ఈ నాలుగూ బరువుని పట్టి లాగుతాయి, నాలుగూ ఇంటి అమరికతో మారతాయి. సర్దుడు పనికొచ్చేది ఇక్కడే.

మొదటి అడుగు: మూడు రోజులు ఏమీ కదపకండి

సర్దాలన్న ఉత్సాహం వచ్చిన రోజే బీరువా అంతా కింద పోసేయకండి. ముందు ఒక చిన్న నోట్‌బుక్ తీసుకోండి. మూడు రోజులు, అందులో ఒకటి సెలవు రోజు అయ్యేలా, ఏదైనా నోట్లో వేసుకున్న ప్రతిసారీ ఒక పంక్తి రాయండి. ఎన్ని గంటలకు, ఎక్కడ, చుట్టూ ఏముంది. క్యాలరీల లెక్క ఇప్పుడు వద్దు.

నా నోట్‌బుక్‌లో ఒక పంక్తి ఇలా ఉంది: "సాయంత్రం 6:40, వంటగట్టు దగ్గర నిలబడి, తెరిచిన చిప్స్, పక్కన కడగని గిన్నెలు." ఇంకొకటి: "రాత్రి 10:15, మంచం మీద, ల్యాప్‌టాప్, బాదం డబ్బా మొత్తం ఒళ్లో." మూడు రోజుల్లో పద్దెనిమిది సార్లు తింటే పదకొండు సార్లు కుర్చీలో కూర్చోలేదు. కడగని గిన్నెల పక్కన నిలబడి తిన్నవన్నీ వంట చేయాలంటే విసుగొచ్చి తిన్నవే. ఖాళీ గిన్నె లేదు, కత్తి దొరకదు, గట్టు మీద చోటు లేదు. వంట మొదలుపెట్టాలంటే ముందు ఇరవై నిమిషాలు కడగాలి. ఆ ఇరవై నిమిషాలు తప్పించుకోవడానికే ప్యాకెట్ తెరిచేదాన్ని.

మీ నోట్‌బుక్‌లో ఏ చోటు ఎక్కువసార్లు కనిపిస్తే దానితోనే మొదలుపెట్టండి. నేను కింద చెప్పే వరస చాలామందికి సరిపోతుంది. మీకు మంచం దగ్గరే అసలు సమస్య అయితే పడకగదితో మొదలుపెట్టడంలో తప్పేమీ లేదు.

ఈ మూడు రోజుల్లోనే బరువు, బొడ్డు దగ్గర నడుము చుట్టుకొలత ఒకసారి రాసి పెట్టుకోండి.

రెండో అడుగు: తినే చోటు

టేబుల్ ఉంటే టేబుల్, లేకపోతే నేల మీద చాప పరుచుకునే మూల. ఏదైనా సరే, కూర్చుని తినడానికి ఒక్క చోటు కావాలి, అక్కడ తిండి తప్ప ఇంకేమీ ఉండకూడదు.

టేబుల్ మీదవన్నీ ఒకేసారి తీసి నేల మీద పెట్టండి. తడిగుడ్డతో తుడవండి. ఇప్పుడు ఒక్కో వస్తువుని చేతిలోకి తీసుకుని, ఇది ఇక్కడికి ఎందుకు వచ్చిందని అడగండి. ఈ ప్రశ్న ముఖ్యం. బిల్లులు టేబుల్ మీదకు ఎందుకు చేరతాయంటే వాటికి ఇంకో ఇల్లు లేదు కాబట్టి. తలుపు దగ్గర గోడకి ఒక ఫైల్ పెట్టేదాకా అవి మళ్లీ మళ్లీ టేబుల్ ఎక్కుతూనే ఉంటాయి. ఛార్జర్లు టేబుల్ మీద ఉండడానికి కారణం ప్లగ్గు అక్కడ ఉండడం. ప్లగ్గు మార్చలేం కాబట్టి ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు వేరే మూలకి లాగాను. పోగుపడ్డ ప్రతి గుట్టకీ ఇలాంటి కారణం ఒకటి ఉంటుంది. అది సరిచేయకుండా పైపైన సర్దితే వారానికల్లా గుట్ట తిరిగి వస్తుంది.

నాకు ఈ టేబుల్ పని రెండు గంటలు పట్టింది. ఆ రాత్రి నలుగురం కూర్చుని తిన్నాం. ఇరవై నిమిషాలు పట్టింది, ముందు ఏడెనిమిది నిమిషాల్లో ముగిసిపోయేది. కడుపు నిండిందన్న కబురు మెదడుకి చేరడానికి కొంత టైమ్ పడుతుంది కాబట్టి నెమ్మదిగా తిన్న భోజనం తేడా చూపిస్తుంది. ఆ రోజు నేను రెండోసారి వడ్డించుకోలేదు. వద్దని ఆపుకోలేదు, అక్కర్లేకపోయింది.

మూడో అడుగు: వంటగది

దీనికి ఒక పూర్తి సెలవు రోజు కేటాయించండి. మిగతా గదులన్నీ కలిపినా ఇంత ఫలితం ఇవ్వవు. ఆకలిగా ఉన్నప్పుడు మాత్రం మొదలుపెట్టకండి, భోజనం చేశాకే ముట్టుకోండి.

ఒక్కో అర చొప్పున ఖాళీ చేయండి. అన్నీ ఒకేసారి తీస్తే రాత్రికి వంట చేసుకునే దారి ఉండదు, బయటి తిండి తెప్పించుకోవాల్సి వస్తుంది. తీసినవాటిని మూడు కుప్పలు చేయండి. పాడైనవి, గడువు దాటినవి ఒకటి. ఇంట్లో వారానికి కనీసం రెండుసార్లు వంటకి వాడేవి రెండోది. మూడోది విప్పగానే నోట్లో వేసుకునేవి, అంటే చిప్స్, బిస్కెట్లు, స్వీట్లు, తీపి డ్రింకులు.

గడువు తేదీల దగ్గర ఒక తేడా గమనించండి. "ఈ తేదీలోపు వాడితే మంచిది" అని ఉంటే ఆ తర్వాత రుచి, కరకరలాడడం తగ్గవచ్చు, తిండి వెంటనే పాడైనట్టు కాదు. "ఈ తేదీలోపే వాడాలి" అని ఉంటే మాత్రం దాటాక పారేయండి.

మూడో కుప్పతోనే అసలు పని. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం 20 మందిని ఆసుపత్రిలో ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీలో బాగా ప్రాసెస్ చేసిన తిండి, రెండు వారాలు మామూలుగా వండిన తిండి ఇచ్చింది. రెండింటిలోనూ క్యాలరీలు, చక్కెర, కొవ్వు, పీచు సమానంగా వడ్డించారు. ఎంత కావాలంటే అంత తినమన్నారు. ప్రాసెస్ చేసిన తిండి ఇచ్చిన రోజుల్లో వాళ్లు రోజుకి దాదాపు 500 క్యాలరీలు ఎక్కువ తిన్నారు, రెండు వారాల్లో సగటున 0.9 కిలో పెరిగారు. ఎవరూ వాళ్లని తినమని బలవంతపెట్టలేదు. అలాంటి తిండి చేతికందేలా ఉంటే మనమూ అంతే తింటాం.

ఇక్కడే "పారేస్తే వృథా కదా" అనే బాధ వస్తుంది. నాకూ వచ్చింది. తిండి పారేయడం నాకిప్పటికీ ఇష్టం ఉండదు. అందుకే విప్పని ప్యాకెట్లు, గడువు ఉన్నవి ఆ రోజే అవసరమున్నవాళ్లకి ఇచ్చేశాను. విప్పినవి మాత్రం పారేశాను. ఆకలి లేకుండా తిన్నా అది వృథాయే, పైగా ఒంటికి చేటు. డబ్బు కొన్న రోజే ఖర్చయిపోయింది, తింటే తిరిగి రాదు.

ఇంట్లో మిగతావాళ్లు తింటారు, పూర్తిగా తీసేయలేం అంటారా? నిజమే, మా ఇంట్లోనూ అంతే. అప్పుడు ఒకే ఒక డబ్బా పెట్టండి, లోపలిది కనిపించనిది, స్టూలు వేసుకుంటే గానీ అందని పై అరలో. చిరుతిండి మొత్తం అందులో పట్టాలి. పట్టకపోతే కొత్తది కొనకూడదు. తినాలనుకున్నప్పుడు ప్యాకెట్‌తో కాకుండా చిన్న గిన్నెలో పోసుకుని, డబ్బా పైకి పెట్టేసి, తినే చోట కూర్చుని తినాలి. స్టూలు ఎక్కడం పెద్ద కష్టమేమీ కాదు, కానీ అలసిన సాయంత్రం ఆ చిన్న అడ్డంకే చాలాసార్లు సరిపోతుంది. పెద్ద ప్యాకెట్లు, పెద్ద వడ్డనలు, పెద్ద ప్లేట్లు ఉంటే మనుషులు ఎక్కువ తింటారని వైద్య పరిశోధనలను కలిపి పరిశీలించే కాక్రేన్ అనే సంస్థ 2015లో డెబ్భైకి పైగా ప్రయోగాలను చూసి తేల్చింది. ప్లేట్ల అర సర్దేటప్పుడు పెద్ద ప్లేట్లని అడుగుకి, కాస్త చిన్నవాటిని పైకి మార్చేయండి.

ఇప్పుడు మంచి తిండి సంగతి. చాలామంది వద్దన్నవి దాచేసి ఆగిపోతారు. అలా చేస్తే సాయంత్రానికి ఇంట్లో తినడానికేమీ లేనట్టు ఉంటుంది, ఫోన్ తీసి ఆర్డర్ పెట్టేస్తాం. కళ్ల ఎత్తున ఉండే అరలో పండ్లు, ఉడకబెట్టుకునే గింజలు, వెంటనే తినగలిగేవి పెట్టండి. ఫ్రిజ్‌లో కూరగాయలు అడుగు డ్రాయర్‌లో వాడిపోతుంటాయి. వాటిని కడిగి, ఆరబెట్టి, కొన్ని తరిగి, లోపలిది కనిపించే డబ్బాల్లో మధ్య అరలోకి తీసుకురండి. ఆ డ్రాయర్‌లో సాస్ సీసాలు, జామ్ పెట్టుకోవచ్చు.

చివరికి గట్టు. మూరెడు వెడల్పు ఖాళీ జాగా, కోసే పలక, పదునైన కత్తి, కడిగిన ఒక మూకుడు. ఈ నాలుగూ ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. నెలకోసారి వాడే మిక్సీ జార్లు, గ్రైండర్ లాంటివి లోపలికి పోవాలి. వంట మొదలవ్వడానికి పట్టే టైమ్ ఇరవై నిమిషాల నుంచి రెండు నిమిషాలకి తగ్గితే ప్యాకెట్ తెరిచే అవసరం దానంతటదే తగ్గుతుంది. నా మటుకు నాకు బరువు కదలడం మొదలైంది ఈ మూరెడు జాగా దొరికాకే.

ఒక హెచ్చరిక. సర్దుడు మొదలుపెట్టకముందే అందమైన డబ్బాలు, ట్రేలు కొనేయకండి. ఏం మిగులుతుందో తెలియకుండా కొన్న డబ్బాలు కూడా అరలో చేరే సామానే.

నాలుగో అడుగు: బట్టల బీరువా

ఈ అడుగులో చేతికి పని తక్కువ, మనసుకి బరువు ఎక్కువ. బీరువాలో సగం బట్టలు పట్టవు. వాటిని చూసిన ప్రతి ఉదయం ఒక నింద వినిపిస్తుంది. ఆ దిగులుతో మొదలైన రోజు సాయంత్రం ఎలా తింటామో నోట్‌బుక్‌లో చూసుకోండి.

మన దగ్గరున్నదానికి మనం అసలు విలువకంటే ఎక్కువ కడతాం. డేనియల్ కానెమన్, జాక్ నెచ్, రిచర్డ్ థేలర్ 1990లో కాఫీ మగ్గులతో చేసిన ప్రయోగాల్లో, మగ్గు చేతికి వచ్చినవాళ్లు అమ్మడానికి అడిగిన ధర, లేనివాళ్లు కొనడానికి ఇస్తామన్న ధరకి దాదాపు రెండింతలు. మగ్గు చేతికొచ్చి కాసేపే అయినా అంత. పదేళ్ల కిందటి జీన్స్ సంగతి వేరే చెప్పాలా? అందుకే "ఇది ఇచ్చేయాలా" అని అడిగితే జవాబు రాదు. "ఇది ఇప్పుడు షాపులో కనిపిస్తే కొంటానా" అని అడగండి.

అన్నీ మంచం మీద వేసి ఒక్కోటీ తొడిగి చూడండి. ఈ రోజు హాయిగా పట్టేవి ముందు వరసలో వేలాడాలి. అవి నాలుగే జతలైనా పర్వాలేదు. ఇప్పటి ఒంటికి చక్కగా నప్పేవి రెండు కొత్తవి కొనుక్కోండి, బరువు తగ్గాక కొనుక్కుందాంలే అని వాయిదా వేయకండి. ఒక్క సైజు మాత్రమే చిన్నవి అయిదారు ఎంచి, ఒక పెట్టెలో పెట్టి, మీద ఈ రోజు తేదీ రాసి అటక మీద పెట్టండి. మూడు నెలలకోసారి దించి తొడిగి చూడండి. రెండు మూడు సైజులు చిన్నవి ఇంకొకరికి ఇచ్చేయండి. అంత తగ్గిన రోజు వాటికంటే నచ్చినవే కొనుక్కుంటారు.

మరి తగ్గాక వదులైపోయినవి? "మళ్లీ పెరిగితే పనికొస్తాయి" అని దాచుకుంటాం. నేను ఒక్క జత ఉంచుకుని మిగతావి పంపేశాను. ఒంట్లో నీరు, ఉప్పు, నెలసరి వల్ల కిలో రెండు కిలోలు అటూ ఇటూ అవుతుంటుంది కాబట్టి ఒక జత ఉండడం మంచిదే. బీరువా నిండా ఉంటే మాత్రం నడుము బిగుస్తున్న సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. బిగుతైన నడుము బరువు మిషన్ కంటే ముందే కబురు చెబుతుంది.

ఐదో అడుగు: పడకగది

2022లో వచ్చిన ఒక ప్రయోగం నన్ను బాగా కదిలించింది. షికాగోలో ఎస్రా తసాలి బృందం, అధిక బరువు ఉండి తక్కువ నిద్రపోయే 80 మందిని తీసుకుంది. వాళ్లలో సగంమందికి తిండి గురించి ఒక్క మాట కూడా చెప్పకుండా, నిద్ర అలవాట్లు మాత్రం సరిచేసింది. రెండు వారాల్లో వాళ్లు రాత్రికి గంటకి పైగా ఎక్కువ పడుకున్నారు, రెండో సగంతో పోలిస్తే రోజుకి దాదాపు 270 క్యాలరీలు తక్కువ తిన్నారు. గంటంపావు ఇల్లు సర్దినా అంత అదనపు ఖర్చు రాదని పైన లెక్క చూశాం.

మంచం మీద బట్టల గుట్ట ఉంటే పడుకునే ముందు దాన్ని కుర్చీలోకి మార్చాలి, పొద్దున కుర్చీలోంచి మంచం మీదకి. ఈ చాకిరీ తప్పించుకోవడానికే సోఫాలో ఫోన్ చూస్తూ గంట గడిపేస్తాం. మంచం, పక్కన చిన్న బల్ల, దీపం. ఇంతకు మించి కళ్లకి కనిపించకూడదు. తొడిగి విప్పిన, ఇంకా ఉతకక్కర్లేని బట్టలకి తలుపు వెనక నాలుగు కొక్కేలు కొట్టించండి. ఫోన్ ఛార్జర్‌ని గది బయటికి పంపండి. తినే వస్తువు ఏదీ ఈ గదిలోకి రాకూడదు.

ఆరో అడుగు: కదలడానికి చోటు

అమెరికాలో మేయో క్లినిక్ పరిశోధకుడు జేమ్స్ లెవీన్ 1999లో 16 మందికి ఎనిమిది వారాలు రోజూ 1,000 క్యాలరీలు అదనంగా తినిపించారు. కొందరిలో కొవ్వు అర కిలో కూడా పెరగలేదు, కొందరిలో నాలుగు కిలోలు దాటింది. తేడా వచ్చింది వ్యాయామం వల్ల కాదు. లేవడం, నిలబడడం, అటూ ఇటూ తిరగడం, చేతులు కాళ్లు ఆడించడం లాంటి చిన్న కదలికల వల్ల. 2005లో ఆయన బృందమే చేసిన ఇంకో పరిశోధనలో, స్థూలకాయం ఉన్నవాళ్లు సన్నగా ఉన్నవాళ్లకంటే రోజుకి సుమారు రెండు గంటలు ఎక్కువ కూర్చుంటున్నారని తేలింది.

ఇంట్లో సామాను ఎక్కువైతే మనం కూర్చునే చోట్లు మిగులుతాయి, నిలబడి తిరిగే చోట్లు పోతాయి. హాల్లో ఒక మనిషి చేతులు చాచి పడుకునేంత నేల ఎప్పుడూ ఖాళీగా ఉంచండి. చాప అక్కడే నిలబెట్టండి. నడక బూట్లు అల్మారాలోంచి తలుపు పక్కకి రావాలి. బట్టలు ఆరేసుకోవడానికే మిగిలిన వ్యాయామ సైకిల్ ఉంటే నెల రోజులు గడువు పెట్టి, తొక్కకపోతే ఇచ్చేయండి. బరువు చూసే మిషన్‌ని సూట్‌కేసుల కింది నుంచి తీసి బాత్రూమ్ బయట గట్టి నేల మీద పెట్టండి. అమెరికాలో 1994లో మొదలైన జాతీయ బరువు నియంత్రణ రిజిస్ట్రీలో, బాగా తగ్గి ఆ బరువు నిలబెట్టుకున్నవాళ్లలో దాదాపు నాలుగింట మూడొంతుల మంది వారానికి కనీసం ఒకసారి బరువు చూసుకుంటామని చెప్పారు.

సర్దుడుని కూడా కదలికగా వాడుకోండి. కూర్చుని ఏరకండి, నిలబడి ఏరండి. ఒక్కో వస్తువుని దాని చోటికి విడిగా తీసుకెళ్లండి. ఇరవై అయిదు నిమిషాలు పని, అయిదు నిమిషాలు విరామం. బరువులెత్తేటప్పుడు నడుము వంచకుండా మోకాళ్లు వంచి, వస్తువుని ఒంటికి దగ్గరగా పట్టుకుని లేవండి. అటక పనికి మాస్క్ పెట్టుకోండి. ఇచ్చేయాలనుకున్న సంచులు ఆ సాయంత్రమే గడప దాటాలి, లేకపోతే మరునాడు పొద్దున సగం తిరిగి లోపలికి వస్తాయి.

ఇంట్లోవాళ్ల సామాను

వాళ్లవి వాళ్లకి చెప్పకుండా తీయకండి. నేను ఒకసారి మా అత్తయ్యగారి పాత డబ్బాలు చెప్పకుండా ఇచ్చేశాను. ఆవిడ ఏమీ అనలేదు, కానీ రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. వాటిలో ఒకటి ఆవిడ అమ్మ వాడినదట. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే బాధగా ఉంటుంది. మీ బీరువా, మీ మంచం పక్క, అందరి అంగీకారంతో వంటగది. వీటి వరకే మీ చెయ్యి వెళ్లాలి. ఖాళీ టేబుల్ మీద నాలుగు రోజులు కూర్చుని తిన్నాక మిగతావాళ్లలో కదలిక దానంతటదే వస్తుంది.

రాత్రి పది నిమిషాలు

సర్దిన ఇల్లు అలాగే ఉండదు. పడుకునేముందు పది నిమిషాలు టైమర్ పెట్టుకోండి. సింక్ ఖాళీ, గట్టు ఖాళీ, టేబుల్ ఖాళీ, రేపటి పొద్దున తినేదానికి గిన్నె బయట. ఇంతే. మిగతా గదులు ఎలా ఉన్నా ఆ పది నిమిషాల్లో పట్టించుకోవద్దు. లండన్‌లో 2010లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని గమనిస్తే, ఒక పని ఆలోచించకుండా చేసే అలవాటుగా మారడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18, ఇంకొందరికి 254 రోజుల దాకా. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్దగా నష్టం లేదని కూడా తేలింది. కాబట్టి ఒక రాత్రి గిన్నెలు సింక్‌లోనే ఉండిపోతే అంతా పోయిందనుకోకండి, మరుసటి రాత్రి చేయండి.

కొనే దగ్గర కూడా చెయ్యి ఆగాలి. ఇంటిని నింపేది, ప్లేటుని నింపేది ఒకే ఊపు. ఆఫర్ ఉందని, మళ్లీ దొరకదేమోనని, చోటు ఉంది కదా అని కొనేస్తాం. జాబితా రాసుకుని, కడుపు నింపుకుని వెళ్లండి. తిండి కాని వస్తువు ఏది కొన్నా ఒకటి బయటికి వెళ్లాలి.

ఎంత ఆశించాలి, ఎప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి

వారానికి అర కిలో తగ్గినా అది మంచి వేగమే. మొదటి నెల ఏమీ కదలకపోవచ్చు, నడుము కొలత ముందు మారవచ్చు. మొత్తం బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా రక్తపోటు, రక్తంలో చక్కెర మెరుగుపడతాయి. 80 కిలోలు ఉన్నవాళ్లకి అది 4 నుంచి 8 కిలోలు.

తిండిలో, కదలికలో మార్పు లేకుండా బరువు పెరుగుతుంటే థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. స్టెరాయిడ్లు, కొన్ని మానసిక వైద్య మందులు కూడా బరువు పెంచుతాయి. వాటిని సొంతంగా ఆపకండి, రాసిన డాక్టర్‌నే అడగండి. పనికిరాని వస్తువుని వదులుకోవాలంటేనే గుండె దడ వచ్చి, గదులు వాడుకోలేనంతగా నిండిపోయి ఉంటే అది బద్ధకం కాదు. వస్తువులు కూడబెట్టే ఆ సమస్యని 2013లో అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణలో విడి జబ్బుగా గుర్తించారు, దానికి చికిత్స ఉంది. దాచుకుని తినడం, తిని కక్కేయడం, ఆపుకోలేనంత తినడం ఉన్నా, లేదా నెలల తరబడి ఏ పనీ చేయబుద్ధి కాక ఇల్లు అలా వదిలేసినా, పైన చెప్పిన అడుగులన్నీ పక్కనపెట్టి ముందు వైద్యుల దగ్గరికి వెళ్లండి. ఆ స్థితిలో ఇంకొకరు పక్కన కూర్చుని ఒక్క టేబుల్ ఖాళీ చేసిపెట్టినా అది పెద్ద సాయం. మీకు తెలిసినవాళ్లెవరైనా అలా ఉంటే ఒక సెలవు రోజు వెళ్లి, ఏది ఉంచాలో వాళ్లనే చెప్పమని, ఆ పని చేసిపెట్టండి.